ఇనుములో ముందు పోయేది 4ఎస్ ఎలక్ట్రాన్లేనండీ!

ఇప్పుడే ఒక వీక్లీ టెస్ట్ కీ చూశాను. విజయవాడలోని ఒక కాలేజీది, పేరు చెప్పను. ఫెర్రిక్ అయాన్ (మూడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము) అయస్కాంత భ్రామకం ఎంత, స్పిన్ ఒక్కటే లెక్కలోకి తీసుకోండి అని ప్రశ్న. సీనియర్ ఇంటర్ పిల్ల 5.92 బోర్ మాగ్నెటాన్లు (ఆ భ్రామకం కొలిచే ప్రమాణం) పెట్టింది. కీలో 3.87 ఉంది. నాలుగు మార్కులు రాలేదు, పైగా ఒకటి మైనస్. కింద వివరణ కూడానూ: ‘చివర నిండినవి ముందు పోతాయి.’

ఎక్కడి నియమం అండీ ఇది? ఏ పుస్తకంలో ఉంది?

ఇనుము పరమాణు సంఖ్య 26. ఆర్గాన్ దాకా 18 పోతే మిగిలినవి ఎనిమిది: 3డి⁶ 4ఎస్², అంటే 3డి ఉపకర్పరంలో ఆరు, 4ఎస్‌లో రెండు. నింపేటప్పుడు ఎన్ ప్లస్ ఎల్ విలువ చూస్తాం: ఎన్ అంటే కర్పరం సంఖ్య, ఎల్ అంటే ఉపకర్పరం సంఖ్య, ఎస్‌కి 0, డికి 2. 4ఎస్‌కి 4, 3డికి 5, కాబట్టి 4ఎస్ ముందు. ఇంతవరకు పిల్లలందరికీ వచ్చు. తీసేటప్పుడు నింపే వరుస చూపించే ఆ బాణాల పటం పక్కన పెట్టేయాలి. ఎన్ విలువ ఎక్కువ ఉన్న కర్పరం నుంచే మొదలుపెట్టాలి. 4ఎస్ నుంచి రెండూ పోతే ఫెర్రస్, 3డి⁶. ఇంకొకటి 3డి నుంచి పోతే ఫెర్రిక్, 3డి⁵. ఐదు ఒంటరి (జత లేని) ఎలక్ట్రాన్లు; ఆ సంఖ్యను దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణిస్తే ఐదు ఏళ్ల ముప్పై ఐదు, దాని వర్గమూలం 5.92. కీ రాసినవారు మూడూ 3డి నుంచే లాగేసి 3డి³ 4ఎస్² చేశారు. అందుకే మూడు ఒంటరి ఎలక్ట్రాన్లు, 3.87.

అసలు ప్రమాదం ఫెర్రస్ దగ్గర ఉంది. అక్కడ తప్పుదారిలో వెళ్లినా 3డి⁴ 4ఎస్² వస్తుంది, ఒంటరివి నాలుగే. సరైన 3డి⁶లోనూ నాలుగే. రెండింటికీ 4.90! జవాబు కలిసింది కదా అని పిల్లవాడు ఆ తప్పు పద్ధతినే ఏడాదంతా మోస్తాడు. అది బయటపడేది ఫెర్రిక్, మాంగనీస్, జింక్ వచ్చినప్పుడే. అంటే జేఈఈ మెయిన్స్ పరీక్ష హాల్లో.

4ఎస్ ముందు నిండి ముందే ఎందుకు పోతుందని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. పొటాషియం, కాల్షియం దగ్గర 4ఎస్ శక్తి నిజంగానే తక్కువ. స్కాండియం వచ్చేసరికి కేంద్రక ఆవేశం పెరిగి 3డి లోపలికి కుంచించుకుపోతుంది, దాని శక్తి 4ఎస్ కంటే కిందికి దిగుతుంది. మూడు ఎలక్ట్రాన్లు పోయిన స్కాండియం అయాన్‌కి ఒక ఎలక్ట్రాన్ తిరిగి ఇస్తే అది చేరేది 3డిలోనే. అయితే 3డి ఇరుకు. అందులోనే అన్నీ కుక్కితే వికర్షణ పెరుగుతుంది కాబట్టి, తటస్థ పరమాణువులో రెండు ఎలక్ట్రాన్లు వెలుపలి 4ఎస్‌లో ఉంటాయి. వెలుపల ఉన్నవే ముందు పోతాయి. ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు లేవట, సిలబస్ పరుగెత్తాలట.

‘సగం నిండితే స్థిరం’ అన్న మంత్రం కూడా ఇలాంటిదే. క్రోమియం 3డి⁵ 4ఎస్¹, సరే. 3డి⁴లో ఒకే దిశ స్పిన్ ఉన్న జతలు ఆరైతే 3డి⁵లో పది, వినిమయ శక్తి (ఒకే స్పిన్ ఎలక్ట్రాన్లు చోట్లు మార్చుకోగలగడం వల్ల వచ్చే స్థిరత్వం) ఆ మేరకు పెరుగుతుంది, 4ఎస్‌లో జతకట్టే ఖర్చూ తప్పుతుంది. ఈ లెక్క చెప్పకుండా మంత్రం ఒక్కటే ఇస్తే టంగ్‌స్టన్ దగ్గర పిల్లవాడు బోల్తా పడతాడు. అక్కడ 5డి⁴ 6ఎస్²నే. నియోబియం 4డి⁴ 5ఎస్¹, సగమూ కాదు, నిండుగానూ లేదు. మంత్రం దీనికేం చెబుతుంది?

సాక్ష్యం చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. కృష్ణా డెల్టా వరి రైతు జింకు లోపానికి లీటరు నీటికి 2 గ్రాములు కలిపి కొట్టే జింక్ సల్ఫేట్ తెల్లగా ఉంటుంది. జింక్ అయాన్ 3డి¹⁰, డి పూర్తిగా నిండింది, అందుకే రంగు లేదు; ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. ఆ కీ పద్ధతిలో 3డి⁸ 4ఎస్² రావాలి, రెండు ఒంటరివి, 2.83! అదే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) స్ఫటికాలు నీలం, రాగి అయాన్ 3డి⁹. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ పిల్లా మర్చిపోదు.

ఆ సీసాలు ఎక్కడండీ? ప్రాక్టికల్స్‌కి పది రోజుల ముందు ల్యాబ్ తాళం తీసి, ఏ నంబరు సీసాలో ఏ లవణమో చీటీ రాసిచ్చే చోట్ల పిల్లలకి జ్వాలా పరీక్ష ఏం తెలుస్తుంది? వాచ్ గ్లాసులో చిటికెడు లవణం, రెండు చుక్కల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆమ్లం ఎందుకంటే, క్లోరైడులు తేలిగ్గా ఆవిరవుతాయి. పేస్టు చేసి గాజుకడ్డీ కొనతో బున్సెన్ మంట అంచున పెట్టాలి. మొదటి క్షణాల్లో కనిపించేదే రంగు. కాల్షియానికి ఇటుక ఎరుపు, బేరియానికి లేతాకు పచ్చ. కడ్డీ అలాగే ఉంచేస్తే గాజులోని సోడియమే పసుపు వెలుగుతుంది, అసలు రంగు మునిగిపోతుంది. 3పి నుంచి 3ఎస్‌కి ఎలక్ట్రాన్ దిగినప్పుడు వచ్చే 589 నానోమీటర్ల కాంతి అది. ఇంట్లో చారు పొంగి పొయ్యి మీద పడితే మంట పసుపయ్యేదీ దానివల్లే. ఎలక్ట్రాన్ విన్యాసం అంటే ఇదమ్మా అని ఆ మంట చూపించి చెప్పేవారు లేక, పిల్లలు దాన్ని అక్షరాలూ అంకెల వరుసగా బట్టీ పడుతున్నారు. పదిహేడేళ్ల పిల్ల ఆ బట్టీ దాటి సొంతంగా ఆలోచించి 5.92 రాస్తే, దాని మీద ఎర్ర ఇంటూ!

సార్లూ, మేడమ్‌లూ, రేపు పొద్దున స్టడీ అవర్ మొదలయ్యేలోపు ఆ కీలో 3.87 కొట్టేసి 5.92 రాయండి. మైనస్ తీసేసి, ఆ పిల్లకి ఐదు మార్కులూ కలపండి. తప్పు మాదేనని క్లాసులో అందరి ముందూ ఆ పిల్లకి చెప్పండి.