ఫైన్ కట్టడం వేరు, రాజీ పడటం వేరు

కొట్లాట కేసులో పడిన పాత శిక్షను ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చి రికార్డు నుంచి తీసేయించుకోవచ్చని మీరు ప్రచురించిన వ్యాసంలో రాశారు. దయచేసి సవరించండి. కోర్టు వేసిన శిక్షను పోలీసులు చెరపలేరు.

మా అనంతపురం పల్లెల్లో గట్టు తగాదాలకు ఐపీసీ 323 సెక్షన్ (కొట్టి గాయపరచడం; ఇప్పుడు కొత్త శిక్షా చట్టం బీఎన్ఎస్‌లో 115) కేసులు మామూలే. ‘తప్పు ఒప్పుకో, ఫైన్ కట్టు, ఇంటికి పోదాం’ అంటారు పెద్దమనుషులు. ఆ ఫైనే శిక్ష అని పిల్లోడు కానిస్టేబుల్ సెలెక్షన్‌కి పోయేదాకా ఎవరికీ తెలియదు. పైగా నేరం ఒప్పుకున్నాక అప్పీల్ వేసినా శిక్ష ఎంత, అది చట్టప్రకారమే ఉందా అన్నంతవరకే చూస్తారు. అదే దెబ్బలు తిన్నవాళ్లతో కోర్టులో రాజీ పడి ఉంటే, నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ముందే ఈ మాట చెప్పేవాళ్లు లేక పిల్లలు నష్టపోతున్నారు, అదే నా బాధ.

1958 ప్రొబేషన్ చట్టం గురించి కూడా రాయాల్సింది. నేరం రుజువైనా జైలుకు పంపకుండా కోర్టు సత్ప్రవర్తన బాండ్ మీద వదిలితే, ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం రుజువవడం వల్ల వచ్చే అనర్హత అంటదు. నేరం రుజువైన సంగతి మాత్రం రికార్డులో అలాగే ఉంటుంది. కాబట్టి ఉద్యోగానికి ఇచ్చే వెరిఫికేషన్ ఫారంలో దాచొద్దు. అక్కడ ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.