బొటనవేలి ఉంగరాలను మరిచిపోకండి

పెద్ద ఉంగరాల మీద మీ వ్యాసం చదివాను. ఆ ఫ్యాషన్ 1920లలో అమెరికాలో మొదలైందన్నట్టు రాశారు. విందుల్లో పెట్టుకునే పెద్ద రాళ్ల ఉంగరాలు, అంటే అప్పటి కాక్‌టెయిల్ ఉంగరాల గురించి బాగా చెప్పారు. మద్యనిషేధం ఉన్న రోజుల్లో (1920–33) ఆడవాళ్లు నలుగురిలో గ్లాసు పట్టుకుని, ఆ చేతికే కొట్టొచ్చినట్టు కనిపించే రాయి పెట్టుకోవడంలో తెగువ ఉంది. కానీ మొఘలుల ప్రస్తావనే లేకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది.

వాళ్ల విలుకాళ్లు వింటినారిని బొటనవేలితో లాగేవారు. నారి చర్మాన్ని కోసేయకుండా వేలికి ఉంగరం తొడిగేవారు. అది గుండ్రంగా ఉండదు. ఒకవైపు నాలుకలా ముందుకు సాగి వేలి కండను కప్పుతుంది, నారి దానిమీదుగా జారిపోతుంది. గట్టిదనం కోసం జేడ్ రాయిని ఎంచుకునేవారు. తర్వాత అదే ఉంగరానికి కుందన్ పనిలో, అంటే మేలిమి బంగారు రేకుతో బిగించి, కెంపులు, పచ్చలు పొదిగి దర్బారులో హోదాగా ధరించారు. పనిముట్టు నగగా మారడం నాకు అన్నిటికంటే నచ్చే విషయం. ఇక పెళ్లికూతురు బొటనవేలికి పెట్టుకునే అద్దం పొదిగిన ఉంగరం, ఆర్సీ సంగతి సరేసరి, దానికంటే ధీమా అయిన నగ ఉంటుందా!

షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనే ఉంది. జేడ్ వస్తువుల గదిలో అందరూ నూర్జహాన్ పండ్లు కోసే కత్తి దగ్గర గుమిగూడతారు. ఈసారి వెళ్తే ఈ ఉంగరం దగ్గర కూడా కాసేపు ఆగండి. మీ తర్వాతి వ్యాసం దీనిమీదే రాస్తే మరీ సంతోషం.