ఇంటి చుట్టూ సిమెంటు పోయమనే సలహా

"ఇంటి గోడ దగ్గర మొక్కలు పెంచకండి. వేళ్లు పునాదిని పగలగొడతాయి, గోడలకు చెమ్మ ఎక్కుతుంది, పాములు చేరతాయి. ప్రహరీ దాకా సిమెంటు పోసేయండి." కొత్తగా ఇల్లు మొదలుపెట్టినవాళ్లకు ఎవరో ఒకరు ఈ సందేశం ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు. ఇందులో నిజం లేకపోలేదు, కానీ అది ఉన్నది వాళ్లు చెప్పే చోట కాదు.

ముందు వేళ్ల సంగతి. వేరు నీరు, గాలి దొరికే వైపే పోతుంది. బాగా పోసిన కాంక్రీటును చీల్చుకుని వెళ్లదు. అప్పటికే ఉన్న పగులులోనో, కారుతున్న డ్రైనేజీ పైపు జాయింటులోనో దూరి దాన్ని పెద్దది చేస్తుంది. రావి, మర్రి మాత్రం వేరే లెక్క, పిట్టగోడ పగులులో మొలిచినా వెంటనే పీకెయ్యాల్సిందే. నల్లరేగడి నేలైతే ఇంకో జాగ్రత్త ఉంది. అది వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. పెద్ద చెట్టు తేమ లాగేస్తే ఆ కదలిక ఎక్కువవుతుంది కాబట్టి అలాంటి చెట్టును దూరంగా నాటమనడం సబబే. దానికి మల్లె, మందార, కరివేపాకు ఏం పాపం చేశాయి?

చెమ్మ నేరం అసలు మట్టి పోయించినవాళ్లది. ఇల్లు పూర్తయ్యాక ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించి గోడకు ఆనించి ఎత్తుగా పోస్తారు. ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ మొదలయ్యే చోట వేసే కాంక్రీటు దూలం) మీద చెమ్మ ఆపడానికి వేసిన పొర ఆ మట్టిలో పూడిపోతుంది. రోజూ పైపు పెట్టి తడుపుతుంటే నీరు నేరుగా ఇటుకలోకి వెళ్తుంది. రెండు వానాకాలాలకు లోపల స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) పైన రంగు బుడగలు లేస్తుంది. అప్పుడు మందార చెట్టు నరికేస్తారు, మట్టి మాత్రం అక్కడే ఉంటుంది! తోట మట్టి ఆ పొరకు కనీసం అర అడుగు కింద ఉండాలి. గోడ వెంబడి రెండు రెండున్నర అడుగుల గచ్చు బయటికి వాలుగా వేయాలి. సిమెంటు కావలసింది అంతవరకే.

మట్టీ కాంక్రీటూ పొసగవనేవాళ్లు అహ్మదాబాద్‌లోని సారాభాయ్ ఇల్లు చూడాలి. ఆర్కిటెక్ట్ లె కార్బూజియే 1950ల్లో గీసిన ఇటుక, కాంక్రీటు ఇల్లు అది. గదులు వరండాల మీదుగా తోటలోకి తెరుచుకుంటాయి. పైకప్పు మీదే మట్టి పోసి గడ్డి పెంచారు.

పాములంటారా, అవి వచ్చేది ఎలుకల కోసం. పెరట్లో ఇటుక ముక్కలు, సెంట్రింగ్ చెక్కలు గుట్టగా వదిలేస్తే ఒక్క మొక్క లేకపోయినా వస్తాయి.

ఇక ప్రహరీ దాకా సిమెంటు. వాన నీరు ఇంకే చోటుండదు. ప్లాటు రోడ్డు కన్నా పల్లంగా ఉంటే నీళ్లు వరండాలోకే. పగలంతా కాగిన గచ్చు రాత్రి కూడా కిటికీలోంచి సెగ కొడుతుంది. అదే పడమటి గోడకు కాస్త ఎడంగా ఒక చెట్టుంటే సాయంత్రపు ఎండ గోడను తాకదు.

బేస్‌మెంట్ (నేల నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే కట్టడం) ఎత్తు పెంచితే తోట దూరమైపోతుందనే టెన్షన్ కూడా వద్దు. వెడల్పాటి అరుగు, రెండు మూడు మెట్లు చాలు. కాకపోతే చెట్ల చోటు, వాన నీటి దారి ప్లాన్‌లోనే గీయించాలి. ఇల్లు లేచాక చూద్దామనుకుంటే తోటకు మిగిలేది సెప్టిక్ ట్యాంకు పక్క సందే.