సవరణ: 1798 నాటి శృంగార చిత్రాలు చెక్కింది కరాచ్చి కాదు

పదహారో శతాబ్దంలో ఇటలీలో వచ్చిన 'ఇ మోడి' ('భంగిమలు') అనే శృంగార చిత్రాల మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో రెండు విషయాలు మారాలి. ఆ బొమ్మలు గీసిన ఇటలీ చిత్రకారుడు జూలియో రొమానో వాటి వల్ల జైలుకెళ్లాడనీ, అదే తరహాలో 1798లో పారిస్‌లో వచ్చిన పుస్తకంలోని బొమ్మలు ఇటలీ కళాకారుడు అగొస్తినో కరాచ్చి చెక్కినవనీ అందులో ఉంది. రెండూ తప్పే.

జైలుకెళ్లింది మార్కంతోనియో రైమోండి. రొమానో గీసిన పదహారు బొమ్మల్ని రాగి రేకుల మీద చెక్కి, 1524 ప్రాంతంలో రోమ్‌లో అచ్చేసింది ఆయనే. పోప్ ఏడో క్లెమెంట్ ఆయన్ని జైల్లో పెట్టించి, దొరికిన ప్రతుల్ని నాశనం చేయించాడు. గీసిన రొమానో మాత్రం ఇటలీలోనే మాంటువా నగరంలో రాజాస్థానం కొలువులో చేరి హాయిగా ఎదిగాడు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఆ బొమ్మల తాలూకు తొమ్మిది ముక్కలున్నాయి. ఎవరో కత్తిరించి, ఎక్కువగా తలలు, భుజాలు మాత్రమే మిగిల్చారు. పక్కకి తిప్పిన ముఖం, మెలి తిరిగిన జుట్టు, దగ్గర దగ్గరగా గీసిన సన్నటి గీతలతో వచ్చిన నీడ... ఆ కాస్తలోనే చెక్కిన చేతి పనితనం తెలిసిపోతుంది.

ఇక 1798 సంగతి. కరాచ్చి 1602లోనే చనిపోయాడు. పుస్తకం పేరులో ఆయన పేరు పెట్టారు కాబట్టి బొమ్మలు కూడా ఆయన ఖాతాలో పడిపోయాయి. వాటిని చెక్కింది జాక్ జోసెఫ్ క్వానీ అనే ఫ్రెంచి కళాకారుడు. మార్స్, వీనస్ లాంటి రోమన్ పురాణ జంటలూ, ఆంటోనీ, క్లియోపాత్రా కూడా అందులో ఉన్నారు. ఒళ్లు తీరు, పక్కబట్టల మడతలు చూస్తే అది పద్దెనిమిదో శతాబ్దపు చివరి ఫ్రెంచి పద్ధతే. ఈ బొమ్మలు ఎక్కడ షేర్ చేసినా దయచేసి క్వానీ పేరు రాయండి.