అంత్యదినపు ప్రశ్నపత్రంపై సంఘ పెద్దల సవినయ అభ్యర్థన

2023లో మన తెలంగాణ రాష్ట్రంలో ఉద్యోగ పరీక్షల ప్రశ్నపత్రాలు లీకై గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయినప్పుడు నిరుద్యోగులు రోడ్ల మీదికి వచ్చారు, ప్రతిపక్షాలు రాజీనామాలు అడిగాయి, దర్యాప్తు బృందం ఏర్పడింది. అంతకంటే ఎంతో పెద్ద లీకు రెండు వేల సంవత్సరాల కిందటే జరిగిందనీ, ఆ పత్రం నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లోని క్రైస్తవ గృహాలన్నింటిలో జిప్పు కవరు తొడిగిన నల్లట్ట పుస్తకంలో భద్రంగా ఉందనీ ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం మాత్రం శోచనీయం. మత్తయి సువార్త 25వ అధ్యాయం 31వ వచనం దగ్గర పుస్తకం తెరిస్తే చాలు. అంత్యదినాన గొర్రెలను కుడివైపూ మేకలను ఎడమవైపూ నిలబెట్టి ఏమి చూడబోతున్నాడో పరీక్షాధికారి యేసు తానే పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఆకలిగొన్నప్పుడు అన్నం పెట్టావా, దప్పిగొన్నప్పుడు నీళ్లిచ్చావా, పరదేశిగా వస్తే చేర్చుకున్నావా, బట్టలు లేనప్పుడు ఇచ్చావా, జబ్బుపడితే చూడవచ్చావా, చెరసాలలో ఉంటే దగ్గరికి వచ్చావా? ఇవే ఆ ఆరు ప్రశ్నలు. ఏడోది లేదు, ఛాయిస్ అంతకన్నా లేదు.

ఇది అన్యాయమని సంఘ పెద్దల పక్షాన మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. పేపరు ఇంత ముందుగా, ఇంత స్పష్టంగా తెలిసిపోయినా, ఆ ఆరింటికి తప్ప మిగిలిన అన్ని ప్రశ్నలకూ మేము అద్భుతంగా సిద్ధమై ఉన్నాం. మూడు రోజుల ఉజ్జీవ సభలకు ఎన్ని సౌండు బాక్సులు పెడితే పక్క వీధి తెల్లవార్లూ మేలుకొని ఉంటుందో మాకు తెలుసు. ఫ్లెక్సీలో వాక్యోపదేశకుడి ఫొటో కంటే సంఘ కోశాధికారి ఫొటో ఎన్ని అంగుళాలు చిన్నదిగా ఉంటే ఆయన అలగకుండా ఉంటాడో కూడా తెలుసు. బాప్తిస్మంలో ముంచాలా, చిలకరించాలా. ఆరాధన శనివారమా, ఆదివారమా. స్త్రీలు గాజులు వేసుకోవచ్చునా, కూడదా అన్న అంశాల మీద నీళ్లయినా తాగకుండా గంటల తరబడి వాదించగలవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వీటిలో ఒక్కటీ పేపరులో రాలేదు. ప్రశ్నలు తయారుచేసినవారు క్షేత్రస్థాయి పరిస్థితులను పరిగణనలోకి తీసుకోలేదనడానికి ఇంతకంటే ఏం నిదర్శనం కావాలి?

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక మందిరంలో పళ్లెం తిరుగుతుంది, అందులోంచి ఒక్కొక్కరూ ఒక వాగ్దాన కార్డు తీసుకుంటారు. నిన్ను తలగా నియమిస్తాను గాని తోకగా నియమించను అన్న వాక్యం వచ్చినవారు ఆ కార్డును బీరువా అద్దానికి అంటించుకుంటారు. నీవు అప్పు ఇస్తావు గాని అప్పు చేయవు అన్నది వచ్చినవారు ఆ ఏడాది ధైర్యంగా ఇంకో చిట్టీ పాడుకుంటారు. ఈ కార్డులు ముద్రించేవారి లౌక్యాన్ని మనసారా మెచ్చుకోవాలి. జబ్బుపడ్డాను, నువ్వు నన్ను చూడ రాలేదు అన్న వాక్యం ఉన్న కార్డు ఇన్నేళ్లలో ఏ విశ్వాసి చేతికీ పొరపాటున కూడా వచ్చినట్టు దాఖలా లేదు.

బట్టల విషయంలో మాత్రం మేము పూర్తిగా వెనుకబడి లేం. ప్రతి క్రిస్మస్‌కు వితంతువులకు చీరల పంపిణీ జరుగుతుంది. ఒక్కో చీరను పుచ్చుకునే చేతులు రెండయితే ఇచ్చే చేతులు పన్నెండు ఉంటాయి. దాతృత్వం ఎంతగా విస్తరించిందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని అదే సువార్త 6వ అధ్యాయంలో ఉన్న నిబంధనను కూడా పాటించాలనే చూశాం. అయితే కుడిచెయ్యి చీర అంచును పట్టుకున్నప్పుడు సెల్‌ఫోను పట్టుకోవలసింది ఎడమచెయ్యే కావడంతో ఆచరణలో కొంత సాంకేతిక ఇబ్బంది ఎదురైంది. ముఖ్య అతిథి రావడం మూడు గంటలు ఆలస్యమైనా, మొదటి ఫొటోలో ఆయన కళ్లు మూసుకున్నారన్న కారణంతో ఇచ్చిన చీరను వెనక్కి తీసుకొని మళ్లీ ఇచ్చినా, ఆ చలిలో ఓపికగా నిలబడ్డ ముసలమ్మలకు ఈ సందర్భంగా కృతజ్ఞతలు తెలుపుతున్నాం.

దప్పి ప్రశ్న దగ్గర మా జిల్లాకు ప్రత్యేక మినహాయింపు ఇవ్వాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో భూగర్భజలంలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిపోయి, తాగిన నీళ్లే పళ్లను గారపట్టించి, ఎముకలను వంచి, పిల్లలను నడవలేనివారిగా చేసిన చరిత్ర మాది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు పటికతో, సున్నంతో ఆ విషాన్ని నీటినుంచి తీసేసే విధానాన్ని రూపొందిస్తే, దానికి నల్లగొండ పద్ధతి అన్న పేరే ప్రపంచమంతటా నిలిచిపోయింది. దప్పిక కారణంగా పాఠ్యపుస్తకాలకెక్కిన జిల్లాను దప్పిక గురించే పరీక్షించడం ఏం మర్యాద? పైగా 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన భగీరథ పథకంతో ఇంటింటికీ నల్లా నీళ్లు ఇచ్చే బాధ్యతను ప్రభుత్వమే నెత్తిన వేసుకుంది గనుక, ఈ ప్రశ్నను మా పేపరు నుంచి తొలగించి గ్రామీణ నీటి సరఫరా శాఖ పేపరులో కలపడం సబబు.

గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు కూడా ప్రతిఫలం పోగొట్టుకోడని రాసి ఉన్న మాట నిజమే. అందుకే మందిరం గేటు పక్కన ఒక నల్లా కట్టించాం. దాతల పేర్లు చెక్కిన చలువరాయి నల్లాకంటే కొంచెం పెద్దదైన మాట కూడా నిజమే. ప్రారంభోత్సవం నాడు నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఒక మే నెల మధ్యాహ్నం ఉపాధి హామీ పని ముగించుకొని, గడ్డపార భుజాన వేసుకొని వస్తున్న ఆడకూలీలు ఆ నల్లా తిప్పి చూసి, రాక, లోపల కనిపిస్తున్న ఇరవై లీటర్ల కూలింగు క్యాను వైపు చూశారట. అది ఉపవాస ప్రార్థనకు వచ్చేవారి కోసం తెప్పించిన క్యాను. ఉపవాసంలో ఉన్నవారికి తప్ప ఇతరులకు నీళ్లివ్వకూడదని తీర్మానమేమీ లేదు గాని, ఇవ్వవచ్చునని కూడా తీర్మానం లేదు కదా.

పరదేశి గురించి పాలమూరు వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. బతుకుదెరువు కోసం ముంబయి బస్సెక్కి, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, అక్కడి ఫుట్‌పాత్‌ల మీద పరదేశులుగా బతికిన కుటుంబాలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. ఇప్పుడు చక్రం తిరిగి, బిహార్ వాళ్లు మన దగ్గరికి వస్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో దేశంలోని వలస కూలీలందరూ సొంతూళ్లకు నడుస్తుంటే, తెలంగాణ రైసు మిల్లుల్లో బస్తాలు మోయడానికి ఖగారియా నుంచి హమాలీలు ప్రత్యేక రైలెక్కి ఇటు వచ్చారు. వాళ్లు లేకుంటే మిర్యాలగూడ మిల్లుల్లో మన ధాన్యం బియ్యమయ్యేది ఎలాగో ఎవరికీ తెలియదు. అలాంటి కుర్రవాడొకడు ఒక ఆదివారం మందిరంలోకి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. సంఘ కార్యదర్శి వెంటనే నియమావళి ప్రకారం, ఏ సంఘం నుంచి వచ్చావు, సభ్యత్వ బదిలీ లేఖ తెచ్చావా అని హిందీలో అడగడానికి ప్రయత్నించారు. అతను లేఖ తేలేదు, ఆకలి మాత్రం తెచ్చుకున్నాడు. ఆ రోజు ప్రేమ విందు ఉందని వాసనను బట్టి తెలుసుకున్నాడు. ప్రేమ విందుకు టోకెన్లు శనివారమే అయిపోయిన సంగతిని అతనికి ఎంతో ప్రేమగా తెలియజేశాం.

ఇక మంచి సమరయుడి సంగతి. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడూ, ఆలయ సేవకుడైన లేవీయుడూ పక్కనుంచి పోతే, యూదులు గిట్టనివాడుగా చూసే సమరయుడు ఆగి, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, తన వాహనం మీద పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మాకు యెరికో దారి లేదు గాని 65వ నంబరు జాతీయ రహదారి ఉంది. నార్కట్‌పల్లి దాటాక డివైడరు పక్కన ఒక మోటారు సైకిలు పడి ఉంటే, వెనక అద్దం మీద యెహోవా నా కాపరి అని రాయించుకున్న కార్లు ఎన్ని ఆగకుండా పోయాయో లెక్కపెట్టేవారు లేరు. వాటిలో వెళ్తున్నవారిని నిందించడం సులువే. కాని వాళ్లు విజయవాడ సభలకు వెళ్తున్నారు, పైగా ఆ సాయంత్రం అంశం కనికరం. ఆలస్యమైతే ముందు వరుసలో చోటు దొరకదు. చివరికి ఆగింది చేతికి జాన్‌పహాడ్ దర్గా దారం కట్టుకున్న ఒక డీసీఎం వ్యాను డ్రైవరు. అతను 108కి ఫోను చేసి, అది వచ్చేదాకా ఆగి, దెబ్బతిన్నవాడి తల తన తువ్వాలుతో కట్టి, బండిలో టమాటా వాడిపోతున్నా కదలలేదు.

ఇక్కడ మా న్యాయమైన భయం ఒకటి చెప్పాలి. ఆగితే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామేమోనని వెనకాడేవాళ్లం. ఆ సాకును కూడా ప్రభుత్వం లాక్కుంది. సాయం చేసినవారిని వేధించరాదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షను చేర్చి, సాయపడినవాడి మీద కేసు ఉండదనీ, ఆ తర్వాతి నిబంధనల్లో పేరు కూడా చెప్పనవసరం లేదనీ రాశారు. ఆ రక్షణను లూకా సువార్తలోని ఆ సమరయుడి పేరుతోనే పిలుస్తారు. 2021లో 5,000 రూపాయల పారితోషికం కూడా ప్రకటించారు. పాపం ఆ సమరయుడు పూటకూళ్లవాడికి ఎదురు రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని అప్పు కూడా నెత్తిన పెట్టుకున్నాడు. అన్ని మతాలవారూ ఉన్న పార్లమెంటు మన ఉపమానాన్ని సెక్షనుగా మార్చుకుంటే, మనం దాన్ని సండే స్కూలు నాటికగానే ఉంచుకోవడంలో ఒక సంప్రదాయ పరిరక్షణ ఉంది. నాటికలో లేవీయుడి వేషానికి ఏటా పోటీ ఎక్కువ. మాటలు తక్కువ, నడిచిపోతే సరిపోతుంది.

జబ్బుపడ్డవారిని చూడడంలో మా పూర్వులు అతిగా ప్రవర్తించి మాకు లేనిపోని ప్రమాణాలు పెట్టిపోయారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రష్యా నుంచి అబ్రహాం, మరియ ఫ్రీసెన్ అనే, మెన్నోనైట్ క్రైస్తవ శాఖకు చెందిన దంపతులు నల్లగొండకు వచ్చి మిషను స్థాపించారు. ఆ మెన్నోనైట్ల పరంపరలోనే తర్వాత జడ్చర్లలో ఆస్పత్రి వెలిసింది. ముక్కూ మొహం తెలియని దేశంలో, భాష రాని ఎండలో, వాళ్లకు ఈ పనులన్నీ ఎందుకో మాకు అర్థం కాలేదు. వాళ్లు వదిలిపోయిన వాటిలో మాకు నిజంగా అక్కరకు వచ్చింది కాంపౌండు ఒక్కటే. ఈ ప్రాంతంలో ఏ మిషను కాంపౌండు ముందు నిలబడినా రోడ్డు వైపు షట్టర్లు వరుసగా కనిపిస్తాయి. వాటి అద్దె ఎవరు వసూలు చేయాలన్న విషయంలో రెండు వర్గాలు కోర్టులో ఎంత భక్తితో పోరాడుతున్నాయో చూస్తే విశ్వాసం చల్లారిందని ఎవరూ అనలేరు. రోగుల సంగతి కూడా మేము మరచిపోలేదు. పెద్దాసుపత్రిలో పడి ఉన్న సోదరుడి పేరు గ్రూపులో పెట్టగానే అరనిమిషంలో యాభై జతల చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. చలికాగుము, తృప్తిపొందుము అని చెప్పి, కావలసినవి ఇవ్వకుండా పంపితే ఏం ప్రయోజనమని యాకోబు తన పత్రికలో అడిగాడు గాని, ఆ కాలంలో బొమ్మలు పంపే సౌకర్యం లేదన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి.

జైలు ప్రశ్నను మేము చదవనే లేదు. లోపల ఉన్నవాడు ఏదో చేసే ఉంటాడు కదా. పరీక్షాధికారి స్వయంగా ఒక రాత్రి అరెస్టై, మర్నాటికే శిక్షపడ్డవాడన్న సంగతిని ఇక్కడ ఎత్తడం మర్యాద కాదు.

మాకు అన్నింటికంటే అభ్యంతరకరంగా తోచినది మూల్యాంకన పద్ధతి. ఆ అధ్యాయంలో పాసైనవారు, ప్రభువా, మేము ఎప్పుడు నిన్ను ఆకలిగొని చూశాం, ఎప్పుడు అన్నం పెట్టాం అని ఆశ్చర్యంగా అడుగుతారు. అంటే వాళ్ల దగ్గర తేదీలు లేవు, రశీదులు లేవు, ఒక్క ఫొటో కూడా లేదు. ఇంత ఘోరమైన రికార్డు నిర్వహణ ఉన్నవారిని కుడివైపు నిలబెట్టడం, మినిట్స్ పుస్తకం, ఆల్బమ్, ఆడిట్ అన్నీ పక్కాగా ఉన్న మాబోటివారిని పక్కన పెట్టడం ఏ లెక్క? అందువల్ల ఇకమీదట ఎంపిక లిఖితపూర్వక ఆధారాల ప్రాతిపదికన మాత్రమే జరగాలని ఈ అభ్యర్థన ద్వారా కోరుతున్నాం.

ఈ సూత్రాన్ని మేము ముందుగా మా సంఘంలోనే అమలు చేసి చూపించాం. కృతజ్ఞతా కూటంలో ఉత్తమ సేవ అవార్డు ఇవ్వాలనుకొని, పెద్దాసుపత్రి ఎదుట టిఫిన్ బండి నడిపే ఒక సభ్యురాలి పేరును పరిశీలనకు తీసుకున్నాం. వెంట ఎవరూ లేని రోగులకు ఆమె రోజూ ఇడ్లీ పంపుతుందని ఎవరో చెప్పారు. కమిటీ ముందుకు పిలిచి, ఎప్పటినుంచి పెడుతున్నావు, ఎంతమందికి పెట్టావు, ఫొటోలున్నాయా అని అడిగితే ఆమె బిక్కమొహం వేసి, "గవన్నీ ఎవరు రాసుకుంటరు అయ్యగారూ? మిగిలింది పెడ్త. మిగలకుంటే ఇంకో వాయి వేస్త" అంది. తగిన పత్రాలు సమర్పించనందున ఆమె దరఖాస్తును తిరస్కరించాం. నిజానికి ఆమె దరఖాస్తు చేయలేదు, అది కూడా మేమే రాసుకున్నాం. అవార్డు షామియానా సప్లయరుకు దక్కింది. ఆయన దగ్గర బిల్లులన్నీ ఉన్నాయి.