లేయర్ మాస్క్ గారికి ఒక ఫ్లెక్సీ డిజైనర్ మొర

అయ్యా లేయర్ మాస్క్ గారూ,

నమస్కారం. ఫోటోషాప్‌లో బొమ్మలోని అక్కర్లేని భాగాన్ని చెరపకుండా కప్పిపెట్టే ముసుగు మీరు. మీరు క్షేమమేనని తెలుసు, దాచిపెట్టేవాళ్లకు ఎప్పుడూ క్షేమమే. నేను మాత్రం రాత్రి ఒంటిగంటకు షాపులో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొద్దున ఏడింటికల్లా మా వార్డు అన్నగారి పుట్టినరోజు ఫ్లెక్సీ సెంటర్లో లేవాలి. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు.

సాయంత్రం నలుగురు కుర్రాళ్లు వచ్చారు. అన్న పక్కన సింహం పెడదామా అన్నాను. "సింహం పోయినేడాది పక్క వార్డువాళ్లు పెట్టేశారు బ్రో. మనకు సింహం తల, గుర్రం ఒళ్లు, గద్ద రెక్కలు, తాచుపాము తోక. నీకు ఐదు నిమిషాల పని."

ఐదు నిమిషాలట! యూట్యూబ్ పాఠాల్లో మీరు అలాగే కనిపిస్తారు మరి. అలా బ్రష్ తిప్పగానే సింహం మెడ వెళ్లి గుర్రం భుజంలో కలిసిపోతుంది. వాళ్ల సింహానికీ గుర్రానికీ ఒకటే ఎండ. నాకు దొరికిన సింహం మధ్యాహ్నం ఎడమ నుంచి ఎండ పడుతుంటే ఆవులిస్తోంది. గుర్రానికి కుడివైపు నుంచి సాయంత్రపు నీరెండ. గద్దను నీలాకాశం మీంచి కోసి తెస్తే ప్రతి ఈకకూ సన్నటి నీలం జరీ అంచు వచ్చింది. పాము సంగతి అడక్కండి.

మీ సిద్ధాంతం చిన్నదే. మీ మీద పూసిన తెలుపు బొమ్మను చూపిస్తుంది, నలుపు దాస్తుంది, బూడిదరంగు సగం సగం. మా ఊరి వ్యాపారులు లెక్కల పుస్తకాలు ఎప్పటినుంచో ఇలాగే రాస్తున్నారు. చిక్కల్లా ఎక్కడంటే, లేయర్స్ పానెల్లో, అంటే బొమ్మల పొరలన్నీ వరసగా కనిపించే పట్టీలో, సింహం బొమ్మా మీ బొమ్మా గోరంత గళ్లలో పక్కపక్కనే ఉంటాయి. మీ మీద నొక్కాననుకుని సింహం మీద నొక్కాను. జూలు అంచు వెంబడి మెత్తటి బ్రష్‌తో ఓపిగ్గా నలుపు పూసుకుంటూ పోయాను. తలెత్తి చూస్తే జూలు మాయం కాలేదు, సెలూన్లో రంగేయించుకున్నట్టు నిగనిగలాడుతోంది. అన్డూ కొట్టుకుంటూ పోతే అన్నం తినకముందు చేసిన పనికి వెళ్లి ఆగింది.

మీ మేలు మరిచిపోతే పాపం తగులుతుంది. 1994లో ఫోటోషాప్ 3.0తో లేయర్లు వచ్చాయి. అంతకు ముందు ఈ పని చేసినవాళ్లు అతికించాక తప్పు కనబడితే ఎంత ఏడ్చి ఉంటారో! మీరు దేన్నీ చెరిపెయ్యరు, దాస్తారంతే. సింహం ఒళ్లంతా ఇప్పటికీ ఫైల్లోనే ఉంది. తెల్ల బ్రష్ ఒక్కసారి రుద్దితే గుర్రం పొట్టలోంచి పంజాలు బయటికొస్తాయి. అన్నగారి పాత పార్టీ కండువా కూడా పోయినేడాది నుంచి మీ చాటునే ఉంది. ఆ ఫైలు జోలికి నేను పోను.

ఇంతకీ నా మొర వేరు. కుంభకోణం దగ్గర దారాసురంలో 12వ శతాబ్దపు చోళుల గుడి ఉంది. అందులో ఏనుగూ ఎద్దూ కలిసిన శిల్పం ఒకటి. ఒళ్లు రెండు, తల ఒక్కటే. ఎద్దు ఒంటికి అరచెయ్యి అడ్డం పెడితే ఏనుగు, ఏనుగు ఒంటికి పెడితే ఎద్దు. అక్కడ చూసేవాడి చెయ్యే మాస్క్. ఆ శిల్పి అతుకు దాచలేదు సరికదా, నా అతుకే చూడండి అన్నాడు. మీరేమో అతుకు కనబడకపోతేనే పనితనం అంటారు.

పైగా ఇప్పుడు అతుకు వెతికేవాళ్లేరీ? 1799లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్లాటిపస్ అనే జంతువును చూసి జార్జ్ షా అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త, ఆ బాతుముక్కు ఎవరైనా అతికించారేమోనని అనుమానపడ్డాడు. పాపం, అది దేవుడిచ్చిన ముక్కే. నేను కుర్రాళ్లకు వాట్సాప్‌లో పంపిన సగం బొమ్మ అరగంటలో మా బాబాయి దగ్గర్నుంచి నాకే తిరిగొచ్చింది. "నల్లమలలో కనిపించిన వింత జంతువు. అందరికీ షేర్ చేయండి." కింద మూలన మా షాపు పేరు అలాగే ఉంది.

పన్నెండున్నరకు ఫైలు అయ్యింది. ముందుకాళ్ల నీడ కుడికి, వెనకకాళ్ల నీడ ఎడమకు పడుతోంది. సరిచేసే ఓపిక లేదు. ఎవరైనా పట్టుకుంటారేమోనన్న ఆశ కూడా కొంచెం ఉంది, అందుకే వదిలేశాను. కుర్రాళ్లు వచ్చి, స్క్రీన్ దగ్గరికి వంగి, జూమ్ చేయించుకుని మరీ చూశారు.

"బ్రో, ఒక తప్పుంది" అన్నాడు ఒకడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడ్డాను కూడా.

"కింద మా ఫోటోల వరసలో నేను మూడోవాణ్ణి కాదు, రెండోవాణ్ణి."

ఇట్లు,
మీ చాటున బతికే
ఫ్లెక్సీ డిజైనర్