ఐత్వం ఖరీదు

మా అప్ప బొబ్బిలి నుంచి ఫోన్ చేసి, "ఒరే తమ్ముడూ, ఆడికి ఫోనొకటి కావాలటరా, నువ్వు సదువుకున్నోడివి, నువ్వే సూసి కొను, పదిహేనేలు దాటనీకు" అన్న రోజున నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. విజయనగరంలో 28 ఏళ్ళుగా ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నవాడిని కనుక, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి మంచిదేదో తేల్చడం నాకొక లెక్కలోది కాదనీ, ఆ పని శాస్త్రీయంగా ఎలా చెయ్యాలో బంధువర్గానికి ఒకసారి చూపించినట్టూ ఉంటుందనీ అనుకున్నాను. ఫోను దేనికని నేను అడగలేదు. డిగ్రీలో చేరిన కుర్రవాడికి ఫోను ఆటలకేనని ఉపాధ్యాయుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2022 జూలైలో బీజీఎమ్ఐ అనే తుపాకుల ఆటను మన దేశపు యాప్ దుకాణాల నుంచి తీసేశారనీ, 2023 మేలో అది తిరిగొచ్చిందనీ నేను పేపర్లో చదవక ముందే మా చివరి బెంచీ ముఖాల్లో చదివాను.

మరునాడు మేనల్లుడే బస్సులోంచి ఫోన్ చేశాడు. ఇంజను మోతలో, కండక్టరు కేకల్లో వాడి మాటలు సగం కొట్టుకుపోయాయి గాని, అసలు మాట మాత్రం అందింది. "మావయ్యా, మిగతాయి ఎలగున్నా పర్లేదు, జీరో మాత్రం ఉండాల. జీరో నేకపోతే నాకొద్దు" అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. ఈ వయసులో పిల్లలు రంగు చూస్తారు, కెమెరా చూస్తారు. వీడు వడ్డీ లేని వాయిదాల గురించి ఆలోచిస్తున్నాడు. 200 పేజీల పొడుగు పుస్తకం ఒకటి కొని, మొదటి పేజీలో "జీరో: తప్పనిసరి" అని రాసి, కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను.

దసరా బేరాలు మొదలైన వారంలో, గంటస్తంభం దగ్గరున్న ఒక దుకాణంలో పోటీ రెండు ఫోన్ల మధ్యకు వచ్చి ఆగింది. ఒకటి నీలం, ఒకటి నలుపు. రెండూ 14,999 రూపాయలే, అంటే పదిహేను వేలు దాటవద్దన్న అప్ప మాటను ఒక్క రూపాయితో గౌరవించేవే. నేను పుస్తకం తెరిచి, నిలువు గీతలు గీసి, గడికి పది మార్కుల చొప్పున పెట్టుకున్నాను.

మొదటి గడి చిప్‌ది. నీలం ఫోనులో మీడియాటెక్ హీలియో జీ99, నల్ల ఫోనులో స్నాప్‌డ్రాగన్ 680. రెండూ 6 నానోమీటర్లవే. (ఈ రోజుల్లో చిప్ విషయంలో నానోమీటరు కొలతగా కంటే పేరుగానే ఎక్కువ చెలామణీ అవుతోందని చెప్పి కౌంటరు వెనక కుర్రవాణ్ణి ఆశ్చర్యపరచాలనుకున్నాను గాని, అతను ఇంకొకరికి సిమ్ వేస్తున్నాడు.) రెండింటిలోనూ ఎనిమిదేసి కోర్లు, అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు, ఉన్నాయి. ఎనిమిది అనగానే నాకు మా ఊరి ఆదిభట్ల నారాయణదాసు గారు గుర్తుకొచ్చారు. 1919లో ఇక్కడ మొదలైన సంగీత కళాశాలకు తొలి ప్రధానాధ్యాపకులైన ఆయన, రెండు చేతులా రెండు కాళ్ళా తలతోనూ ఐదు వేర్వేరు తాళాలు ఒకేసారి వేసేవారని చెప్పుకుంటాం. ఫోను కోర్లు అంత నిష్ఠ గలవి కావు. ఆట బరువు చాలామటుకు పెద్ద కోర్ల మీదే పడుతుంది, చిన్నవి గడియారం చూసుకోవడం వంటి పనులు చూసుకుంటాయి. కాబట్టి పెద్ద కోర్లే లెక్కపెట్టాను. నీలం దాంట్లో రెండు, వేగం 2.2 గిగాహెర్ట్జ్, నల్ల దాంట్లో నాలుగు, వేగం 2.4. నల్ల ఫోనుకు తొమ్మిది మార్కులు వేసేసరికి కుర్రవాడు మర్యాదగా ఆపాడు.

"సార్, గేముకి 2.2యే ఎక్కువండి."

28 ఏళ్ళ సర్వీసులో ఇలాంటి జవాబుకు నేను వేసిన మార్కులు సున్నాకు మించి ఉండవు. కాని అతను చెప్పిందే నిజమట. నల్ల దాంట్లోవి పాత నమూనా కార్టెక్స్ ఏ73 కోర్లు, నీలం దాంట్లోవి తరువాత వచ్చిన ఏ76 కోర్లు. గిగాహెర్ట్జ్ అనేది వంటవాడు గరిటె ఎన్నిసార్లు తిప్పాడన్న లెక్కే గాని, ఆ గరిటె ఎంతదన్నది అందులో ఉండదు. ఏ76ది పెద్ద గరిటె. బొమ్మలు గీసే భాగంలో కూడా నీలం ఫోనులోని మాలీ జీ57, నల్ల ఫోనులోని అడ్రినో 610 కంటే బలమైనదే. నేను తొమ్మిదిని కొట్టేసి ఆరు చేశాను. దిద్దిన మార్కు పక్కన సంతకం పెట్టే అలవాటు కొద్దీ సంతకం కూడా పెట్టాను.

తెర దగ్గర నాకు కొంత పరువు దక్కింది. నీలం ఫోను ఎల్సీడీ తెర సెకనుకు 120 సార్లు, నల్ల ఫోను అమోలెడ్ తెర 90 సార్లు బొమ్మ మారుస్తాయి. అంటే మొదటిదానికి బొమ్మకు 8.3 మిల్లీసెకన్లు, రెండోదానికి 11.1. కుర్రవాడు 120 అన్న అంకెను రెండుసార్లు పలికాడు గాని, బీజీఎమ్ఐ వేగాల్లో అల్ట్రా అంటే సెకనుకు 40 బొమ్మలనీ, ఎక్స్‌ట్రీమ్ అంటే 60 అనీ నేను ముందే చదువుకుని వెళ్ళాను. ఆట పంపేది 40 బొమ్మలైతే తెర 120 సార్లు మారినా, విశాఖకు ఇంకో 80 బస్సులు ఖాళీగా నడిపినట్టే. ఇక ర్యామ్ సంగతికి వస్తే, డబ్బా మీద పన్నెండని కనిపించినదాంట్లో ఆరే సొంతం, మిగతా ఆరూ స్టోరేజి దగ్గర చేబదులు తెచ్చినవి. చేబదులుకు మార్కులు వేయలేదు.

వేడి పరీక్ష మాత్రం నేను ఎంతో ఇష్టంగా చేశాను. ఫోనులో ఫ్యాను ఉండదు కనుక, చిప్ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట మొదటి ఐదు నిమిషాలూ గుర్రంలా పరుగెత్తి, తరువాత ఎద్దుబండి అయ్యేది అందుకే. అరచెయ్యి ఆనించి "వేడిగా ఉంది, చల్లగా ఉంది" అనడం శాస్త్రం కాదు. అందుకని మా కళాశాల ల్యాబ్ నుంచి రెండు పాదరసపు థర్మామీటర్లు తెచ్చి, ఒక్కొక్క ఫోను వీపున ఒక్కొక్కటి పెట్టి, పైన దూది కప్పి, రబ్బరు బ్యాండ్లు వేశాను. ఇద్దరం 20 నిమిషాల పాటు ఒకేసారి ఆడాలని నియమం పెట్టుకున్నాం. కుర్రవాడు నల్ల ఫోనులో విమానం నుంచి దూకి, తుపాకీ సంపాదించి, ఎవరెవరినో కాలుస్తున్నాడు. నా నీలం ఫోనులో నా సైనికుడు ఒక గోడకు ముఖం ఆనించి, కదలక మెదలక నడుస్తూ ఉన్నాడు. నాలుగో నిమిషంలో ఎవరో పుణ్యాత్ములు వచ్చి అతన్ని కాల్చేశారు. మిగిలిన 16 నిమిషాలూ నా ఫోను విశ్రాంతి తీసుకుంది.

ఇంతలో రీఛార్జికి వచ్చిన ఒక పెద్దావిడ కట్టు కట్టిన ఫోన్లకేసి, వాటి మీదకు వంగి పాదరసం చూస్తున్న నాకేసి జాలిగా చూసి, "ఏటి బాబూ, ఫోనుకి జొరవొచ్చిందేటి?" అని అడిగింది. నేను జవాబు చెప్పే లోపు ఆవిడే పక్కావిడతో "పాపం, రెంటికీ వొచ్చిందే" అంది.

నీలం ఫోను 39 డిగ్రీలు, నల్లది 40. మా థర్మామీటరు కనీసపు కొలత ఒక డిగ్రీ. కనీసపు కొలతంత తేడాను ఫలితంగా రాసిన పిల్లవాడి రికార్డును నేను గిరాటు వేసిన సందర్భాలున్నాయి. అయినా ఆ రోజు నీలం ఫోనుకు ఒక మార్కు ఎక్కువే వేశాను. మొత్తం కూడితే నీలం 78, నలుపు 71. పుస్తకం మూసి, గొంతు సవరించుకుని, అసలు ప్రశ్న అడిగాను: "జీరో ఉందా?"

"ఉందండి, ఆరు నెలలు" అన్నాడు కుర్రవాడు. నెలకు 2,500 చొప్పున అక్టోబరు నుంచి మార్చి దాకా. మొదటి వాయిదా అక్కడే కట్టి, ఎర్ర గీతల పక్కన టిక్కు పెట్టుకుని, మూడు లాంతర్ల కూడలి మీదుగా ఇంటికి నడిచాను.

పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు రోజు, తొలేళ్ళ నాడు, అప్పా మేనల్లుడూ దిగారు. వాడు డబ్బా విప్పి, ఆటను ఎక్కించుకుని, అరుగు మీద గోడకు చేరబడ్డాడు. కాసేపటికి నేను మజ్జిగ తీసుకుని వెళ్ళేసరికి వాడొక విచిత్రమైన స్థితిలో ఉన్నాడు. ఫోనును రెండు చేతులా పట్టుకుని ఎడమకు వంచుతున్నాడు, కుడికి వంచుతున్నాడు, దానితో పాటు నడుమూ వంచుతున్నాడు. మనిషి సిరిమానులా ఊగిపోతున్నాడు. తెరలో తుపాకీ పట్టుకున్న సైనికుడు మాత్రం గంటస్తంభంలా నిలబడ్డాడు.

"మావయ్యా, దీన్లో జైరో ఏదీ?"

"జీరోయే నాయనా, ఒక్క పైసా వడ్డీ లేదు."

"వడ్డీ ఏటి మావయ్యా? జైరో! ఫోను వొంచితే గురి తిరగాల కదా!"

అప్పుడు నాకు బస్సు ఇంజను మోత మళ్ళీ చెవుల్లో వినిపించింది. అయినా ఉపాధ్యాయుడు అంత తొందరగా ఓడిపోకూడదు కదా. ఫోను అందుకుని అడ్డంగా తిప్పాను, తెర కూడా అడ్డం తిరిగింది. "చూశావా, తిరుగుతోంది" అన్నాను. అని, నా తప్పు నేనే పట్టుకున్నాను. తెరను తిప్పేది త్వరణమాపకం. భూమి ఏ వైపు లాగుతోందో దానికి తెలుసు, అంతవరకే. ఫోను ఏ క్షణాన ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచేది జైరోస్కోపు. ఏటా సైకిలు చక్రం ఒకటి ఇరుసుతో సహా క్లాసుకు పట్టుకెళ్ళి, గిర్రున తిప్పి, బొంగరం ఎందుకు పడిపోదో చెబుతూ నేను వివరించేది ఆ వస్తువు గురించే. ఫోనులో మాత్రం చక్రం ఉండదు. గోరు కంటే చిన్న సిలికాన్ ముక్కలో ఒక సన్నని భాగం కంపిస్తూ ఉంటుంది, ఫోను తిరిగితే కొరియాలిస్ బలం వల్ల ఆ కంపనం పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగును విద్యుత్తుగా…

"క్లాసు తరవాత సెప్పు మావయ్యా, దీన్లో ఉందా నేదా?"

డబ్బా అడుగున సన్నని అక్షరాల్లో సెన్సార్ల జాబితా ఉంది: సామీప్యం, కాంతి, త్వరణం, దిక్సూచి. నాలుగే. పొడుగు పుస్తకంలో వెతికితే, ఆ నాలుగింటి పేర్లూ నా దస్తూరీతోనే ఉన్నాయి. వాటికి నేను నాలుగు మార్కులు కూడా వేశాను. నల్ల ఫోనుకు అదే గడిలో ఐదు. ఐదోది ఏమిటా అని ఆనాడు చూడనే లేదు.

విప్పిన డబ్బా వెనక్కి తీసుకోమని ఏ ముఖంతో వెళ్ళను? అందులోనూ జ్వరం చూసిన ముఖంతో! అప్ప ఏమీ అనలేదు. వంటింట్లో మా ఆవిడతో "ఆడు సిన్నప్పుడూ ఇంతే, కొబ్బరికాయ తెమ్మంటే కొబ్బరిచీపురు తెచ్చీవోడు" అంటోంది. మేనల్లుడు మాత్రం బల్ల మీదున్న నా ఫోను అందుకున్నాడు. నాలుగేళ్ళ కిందట మా అమ్మాయి కొనిచ్చింది. నేను శుభోదయం సందేశాలు చూసుకోవడానికి, పంచాంగం చూసుకోవడానికి వాడుకుంటున్నాను. వాడు ఏదో నొక్కి దాన్ని కొంచెం వంచాడు. తెరలోని దృశ్యం నీళ్ళలా కదిలింది.

"ఇది నాకిచ్చీ మావయ్యా."

బుధవారం పొద్దున బొబ్బిలి బస్సులో నా పాత ఫోను వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను తిథి, వర్జ్యం, గులాబీ పువ్వుల మీద రాసిన శుభోదయాలు సెకనుకు 120 సార్లు మారే తెర మీద చూసుకుంటున్నాను. "వర్జ్యం తొందరగా అయిపోతోందా అండీ?" అని మా ఆవిడ అడుగుతోంది. నవంబరు వాయిదా కట్టి వచ్చిన రాత్రి పొడుగు పుస్తకం తీసి, మొదటి పేజీలో రెండు ఎర్ర గీతల మీదున్న "జీరో"లో గుడిదీర్ఘం కొట్టేసి ఐత్వం పెట్టాను. పక్కన సంతకం కూడా చేశాను.